చెప్పుల్లేకుండా ఓడ ఎక్కిన రోజు

మా ఇళ్ళలో కొత్త ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి బొట్టు పెట్టి, చెంచాడు పెరుగూ పంచదారా నోట్లో వేసి పంపిస్తారు. నాకు యాభై ఆరో ఏట కూడా అలాగే వేసి పంపించారు. అప్పటికి నేను గోదావరి మీద ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి ఉన్నాను. రేవులో పంటు నడిపేవాణ్ణి. పంటు చూడని పిల్లల కోసం చెబుతున్నాను, రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి పైన బల్లలు పరిస్తే అదే పంటు. మనుషులు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బళ్ళు, పెళ్ళివారి కార్లు అన్నీ దాని మీదే ఏరు దాటతాయి. దాన్ని నడిపేవాణ్ణి సరంగు అంటారు.

కొత్త ఉద్యోగం కూడా సరంగుదే, కాకపోతే ఓడ మీద. అరవైమంది ప్రయాణికులు పట్టే చిన్న విహార నౌక అది. పొద్దున్న రాజోలు వైపు రేవులో బయలుదేరి, గోదావరి పాయ వశిష్ఠ వెంట కిందికి దిగి, అంతర్వేది దగ్గర సముద్రంలో పడి, తీరం వెంబడే సాయంత్రానికి కాకినాడ చేరాలి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ఏటా చోటు మారుస్తాయి. వాటి సంగతి తెలిసిన స్థానికుడు ఒకడు కావాలని నన్ను తీసుకున్నారు. డెక్కు మీద పని చేసేవాళ్ళందరికీ నేనే పెద్దని కూడా చెప్పారు. ఆ మాటకి నేను కొంచెం పొంగిపోయిన మాట వాస్తవం.

ఆ మొదటి రోజు గురించే ఇది. మా వైపు నుంచి ఓడల మీద పనికి వెళ్ళే కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. పనికొచ్చిందో లేదో చదివాక వాళ్ళే చెప్పాలి.

ఓడ సిబ్బందిలో ముగ్గురి సంగతి చెబితే చాలు. కెప్టెన్ గారు కేరళ మనిషి. విశాఖలో చాలాకాలం ఉండటం వల్ల తెలుగు బాగా వచ్చు, పుస్తకంలో రాసినట్టు మాట్లాడేవారు. ప్రయాణికుల బాగోగులు చూసే ఆఫీసరు విశాఖ అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయేమో. అందరం మేడమ్ అనేవాళ్ళం, ఆమె మాత్రం నన్ను బాబాయ్ గారూ అనేది. ఇంజను డ్రైవరు అంబాజీపేట మనిషి. గల్ఫులో పదిహేనేళ్ళు పెద్ద ఓడల్ని లాగే టగ్గుల మీద పనిచేసి వచ్చాడు. వేళాకోళం లేకుండా ఆయన నోట్లోంచి మాట వచ్చేది కాదు.

కంపెనీవాళ్ళు ముందురోజే యూనిఫారమూ బూట్లూ ఇచ్చారు. లోపల వేళ్ళ దగ్గర ఇనుప రేకు ఉన్న నల్ల బూట్లు. బరువేదైనా కాలి మీద పడినా వేళ్ళు నలగవట. అవి తొడుక్కుని ఇంట్లో నాలుగడుగులు వేసి చూసుకుంటే మా ఆవిడ, "ఎవరి మీదకండీ యుద్ధానికి?" అని అడిగింది.

మా పడవవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. రోజూ తిరిగే పడవ మీదికి చెప్పులతో ఎక్కితే ఎవరూ ఏమీ అనరు. కొత్త పడవ తొలిసారి కదిలే రోజున మాత్రం చెప్పులతో ఎక్కరు. పడవ ముక్కుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని వట్టికాళ్ళతో ఎక్కుతారు. మా నాన్న అలాగే ఎక్కాడు, నేనూ అలాగే ఎక్కాను. ఆ రోజు ఓడకి పంతులుగారు పూజ చేయించారు. హారతి కళ్ళకద్దుకున్నాక, ఓడ ఎక్కడానికి వేసిన ఇనుప బల్ల మొదట్లో నా బూట్లు విప్పి, మేజోళ్ళు లోపల కుక్కి, ఒక పక్కగా పెట్టి పైకి వెళ్ళాను. కంపెనీ రూలు ప్రకారం బూట్లు లేకుండా డెక్కు మీద అడుగు పెట్టకూడదు. రూలు గుర్తుంది. పూజ అయిన ఐదు నిమిషాలకి దాన్ని పట్టించుకోవాలని అనిపించలేదు.

నా వెనక వరసలో ఉన్నవాళ్ళు చూశారు. తొలి ట్రిప్పు కాబట్టి ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళనే పిలిచారు. రిటైరైన మాష్టార్లు, కొబ్బరి వర్తకులు, రొయ్యల చెరువుల వాళ్ళు, వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు. సరంగే బూట్లు విప్పాడంటే విప్పాల్సిందేనని వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కరే చెప్పులు విప్పి, ఓడని తాకి కళ్ళకద్దుకుని ఎక్కారు. పైన పేర్లు చూసుకుంటూ నిలబడ్డ మేడమ్ కాసేపటికి గమనించింది.

"ఏంటి బాబాయ్ గారూ, అందరూ చెప్పులు కిందే వదిలేస్తున్నారు?"

"కొత్త ఓడ కదమ్మా. మా వైపు ఇలాగే ఎక్కుతారు. ఎక్కనివ్వండి."

"పోనీ సంచుల్లో వేయించి పైకి తెప్పించనా?"

"ఎవరి చెప్పులు ఎవరు మోస్తారమ్మా? అక్కడే ఉంటాయి. ఎక్కడికి పోతాయి?"

ఆ మాట తెలివితక్కువగా అనలేదు, అలవాటుగా అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు నేను ఒడ్డున వదిలిన వస్తువల్లా అరగంటలో మళ్ళీ నా ఎదురుగా ఉండేది. సైకిలు వదిలినా, క్యారేజీ వదిలినా, సగం తాగిన టీ వదిలినా అంతే. పంటు వెళ్ళిన రేవుకే తిరిగి వస్తుంది. ఈ ఓడ సాయంత్రం కాకినాడలో ఆగుతుందని, రాత్రికి మనుషుల్ని బస్సులో వెనక్కి తెస్తారని నాకు తెలుసు. నలుగురికీ నేనే చెప్పి ఉన్నాను. అయినా ఆ క్షణాన నా మనసులో ఉన్నది పంటే.

తాళ్ళు విప్పేసి ఓడ ఏటి మధ్యకి వచ్చాక ఇంజను డ్రైవరు పైకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సరంగు గారూ, అటు చూసేరా? అన్ని జతల చెప్పులు ఒడ్డున, మనుషులేమో నీళ్ళ మీద. దారినపోయేవాడెవడైనా చూస్తే పోలీసులకి ఫోను చేస్తాడండీ."

అప్పుడు చూశాను. రేవు మెట్ల దగ్గర గుట్టలా ఉన్నాయి. నా నల్లబూట్లు ఒక పక్కన విడిగా కనబడుతున్నాయి.

"మీవో?" అన్నాను.

"నావి కాళ్ళకే ఉన్నాయండి. నేను వెనకనుంచి ఇంజను గదిలోకి దిగిపోయేను. మీ పూజలు అంతదూరం రాలేదు."

కెప్టెన్ గారికి చెప్పక తప్పలేదు. ఆయన ముందు నా కాళ్ళ వైపు చూశారు, తరవాత గడియారం వైపు చూశారు. పోటు మీద ఉండగానే మొగ దాటాలి. వెనక్కి తిరిగితే నీళ్ళు తీసేస్తాయి, ఆ రోజుకి ప్రయాణం లేనట్టే.

"ముందుకే వెళ్దాం" అన్నారు. "కాని ఇది ఇనుప డెక్కు. పదకొండు దాటితే కాలు పెట్టలేరు. ఆ తరవాత ప్రయాణికులెవరూ పైన ఉండకూడదు. ఇది మీరు చూసుకోండి."

"ఆయ్, నేను చూసుకుంటానండి" అన్నాను.

మొగ దగ్గర నా పని బాగానే చేశాను. ఆ సంగతి ఎక్కువ రాయను. మేట ఎక్కడుందో అల విరిగే తీరు చూస్తే తెలుస్తుంది, ఆ లెక్కన ఎడమకి, కుడికి చెబుతూ దాటించాను. అడుగు ఎక్కడా తగల్లేదు. కెప్టెన్ గారు చెయ్యి కలిపి, "మీరు లేకపోతే ఈ రోజు కష్టమయ్యేది" అన్నారు. పొద్దుటి తప్పు అక్కడితో కొట్టుకుపోయిందని అనుకున్నాను. కిందికి దిగి డెక్కు మీదికి వస్తుంటే నా నడకే మారిపోయి ఉంటుంది.

పై డెక్కు మీద మధ్యలో నీడకి గుడ్డ కట్టారు. అంచులు మాత్రం ఎండలోనే. ఏప్రిల్ నెల. ముదురు ఆకుపచ్చ రంగు వేసిన ఇనుము. పదకొండున్నరకి కుర్రకారు ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టారు. జనం నవ్వుకుంటున్నారు. నేను గొట్టంతో నీళ్ళు కొట్టించాను, ఐదు నిమిషాల్లో ఆరిపోయాయి. మేడమ్ కింద హాల్లోంచి తువ్వాళ్ళు తెచ్చి అక్కడక్కడ పరిచింది. అవి చాలలేదు.

"అందరినీ కిందికి పంపించేద్దాం బాబాయ్ గారూ. కెప్టెన్ గారు కూడా అదే కదా చెప్పారు" అంది.

"పంపిద్దామమ్మా. సముద్రం చూద్దామని వచ్చేరు, ఇప్పుడే కదా సముద్రంలోకి వచ్చింది. ఓ అరగంట చూడనివ్వండి."

గుడ్డ నీడ అంచున కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. తల నీడలో ఉంది, కాళ్ళు ఎండలో ఉన్నాయి. రెండు పాదాలూ ఇనుము మీద ఆనించి, కమ్మీ పట్టుకుని సముద్రం వైపే చూస్తోంది. తోడు వచ్చిన కూతురు కడుపులో తిప్పడంతో కింద హాల్లో పడుకుంది. చుట్టూ అందరూ గెంతుతుంటే ఆవిడొక్కత్తీ కదలకుండా కూర్చోవడం చూసి నాకు ముచ్చటేసింది. గెంతుతున్నవాళ్ళకి వినబడేట్టు గట్టిగానే అన్నాను.

"చూడండర్రా, పాదాలంటే అక్కగారివి! పొలం గట్ల మీద, ఇసకలో నడిచిన కాళ్ళవి. మీవీ ఉన్నాయి, మెత్తగా పూతరేకుల్లాగ."

అందరూ నవ్వారు. ఆవిడ కూడా వెనక్కి తిరిగి సిగ్గుగా నవ్వింది. నేను చెప్పిన అరగంట గంటయింది. ఈలోగా నేను గుడ్డ నీడలో నిలబడి ఇంకో నలుగురికి మొగ దాటించిన వైనం చెప్పుకుంటూ ఉండిపోయాను.

భోజనాలకి పిలిచాక ఆవిడ లేచి మెట్ల వైపు నడిచింది. ఆవిడ నడిచిన చోట తడి అడుగులు పడ్డాయి. గొట్టం నీళ్ళేమో అనుకున్నాను. కాని నీళ్ళు కొట్టించి చాలాసేపయింది, పైగా మిగతా డెక్కంతా పొడిగా ఉంది. రెండో అడుగు దగ్గర వంగి చూస్తే చర్మం ముక్క అంటుకుని ఉంది.

పరుగెత్తి వెళ్ళి ఆవిణ్ణి మెట్ల దగ్గర పట్టుకుని కూర్చోబెట్టేశాను.

"ఏమైంది తమ్ముడూ?" అంది.

"కాలు చూపించండి అక్కగారూ."

రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి, కుడికాలిది పగిలిపోయి ఉంది. ఆవిడ మాత్రం తన కాలు తాను వంగి చూసుకుని, ఎవరి కాలో చూసినట్టు చూసి, "నొప్పి లేదే!" అంది.

ఎందుకు లేదో కూతురు వచ్చి ఏడుస్తూ చెప్పింది. పదిహేనేళ్ళుగా సుగరు. పాదాలకి స్పర్శ పోయి మూడేళ్ళయింది. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిరగొద్దని డాక్టరు చెప్పాడట. "ఓడ ఎక్కేటప్పుడు నేను వద్దంటూనే ఉన్నానండి. అందరూ విప్పుతుంటే నాకొక్కదానికేంటని విప్పేసింది" అంది. సుగరు ఉన్నవాళ్ళకి కాలి పుండు ఎక్కడిదాకా పోతుందో మా ఊళ్ళల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు. ప్రతి వీధిలోనూ ఒకరున్నారు.

కాకినాడ ఇంకా మూడుగంటల దూరం ఉంది. తీరం కనబడుతూనే ఉంది, కాని ఆ అలల్లో ఒడ్డుకి చేర్చే వీలు లేదు. కెప్టెన్ గారు ఓడ వేగం పెంచి, కంపెనీ డాక్టరుకి ఫోను కలిపి నా చేతికిచ్చారు. డాక్టరు గారు మూడే ముక్కలు చెప్పారు. చల్లటి మంచినీళ్ళు పొయ్యండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. ఇంకేమీ రాయకండి, ఎవరు చెప్పినా రాయనివ్వకండి.

ఆ మూడోదే కష్టమైంది. మా వైపు జనానికి సాయం చెయ్యకుండా ఉండటం చేతకాదు. ఆవిడ కాలు నా ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తుంటే ఒక్కొక్కరే వచ్చారు. ఒకాయన కొబ్బరినూనె తెచ్చాడు. ఒకావిడ వంటింట్లోకి వెళ్ళి పసుపు అడిగి తెచ్చింది. పళ్ళపేస్టు రాస్తే చల్లబడుతుందన్నారు, కలబంద ఉంటే బాగుండేదన్నారు. రిటైరైన హెడ్మాష్టారు ఒకాయన, నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మనిషి, పసుపు పొట్లం పట్టుకుని నా ఎదుట కూర్చుండిపోయాడు.

"ఒరే, నా మాట విను. మా అమ్మ చేతిమీదుగా ఎంతమందికి నయమైందో నీకు తెలీదు."

"తెలుసండీ. రాయనివ్వనండి."

"నామీద గౌరవం లేదా?"

"ఉందండి. ముందు మీరు ఇక్కణ్ణుంచి లేవండి."

పెద్దవాళ్ళతో నేను అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన లేచి వెళ్ళిపోయి కాకినాడదాకా నా మొహం చూడలేదు. పొద్దున్న చెప్పులు పైకి తేవాల్సిందేనని నేనొక్కసారి ఇలా మొండికేసి ఉంటే సరిపోయేదని నీళ్ళు పోస్తున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది.

కెప్టెన్ గారు కిందికి వచ్చి, పదకొండు దాటాక జనం పైన ఎందుకున్నారని అడిగారు. మేడమ్ నా వైపు చూడలేదు. "నేను గమనించుకోవలసింది సర్" అంది. ఆ అమ్మాయి నన్ను కాపాడుతోందని అర్థమవడానికి నాకు కొంచెం సమయం పట్టింది. అంతసేపు నోరు మూసుకున్నందుకు సిగ్గుపడుతున్నాను.

"కాదండీ, మేడమ్ రెండుసార్లు చెప్పింది. చెప్పులు వదిలెయ్యమన్నదీ నేనే, పైన ఉండనిచ్చిందీ నేనే" అన్నాను.

ఆయన వంగి కాలు చూసి, "ఆ కాలు మీ ఒళ్ళోంచి దించకండి. మిగతాది కాకినాడలో రాసుకుందాం" అన్నారు.

పెద్దావిడ మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. హాల్లో పడుకోమంటే ఒప్పుకోలేదు. "సముద్రానికి ఆరుమైళ్ళ దూరంలో పుట్టేను తమ్ముడూ, ఒక్కసారి దాని మీదికి రాలేదు. ఇప్పుడు లోపల పెట్టి తలుపేస్తానంటావేంటి?" అంది. ఆ మాట కెప్టెన్ గారికి చేరింది. ఆవిణ్ణి కుర్చీతో సహా పైకి మోయించి, ఓడ నడిపే గదిలో తన సీటులో కూర్చోబెట్టారు. కాళ్ళు ఎత్తుగా పెట్టి గుడ్డ కప్పాం. ఆయన నిలబడి ఓడ నడిపారు. ఆవిడ ప్రతి దీపస్తంభం గురించీ ఆయన్ని అడుగుతూ, ఆయన తెలుగుకి నవ్వుతూ, అలా కాకినాడ చేరింది.

అంబులెన్సు సిద్ధంగా ఉంది, తీసుకుపోయారు. మిగిలిన జనానికి కంపెనీవాళ్ళు బస్తాల్లో హవాయి చెప్పులు తెప్పించారు. హడావుడిలో అన్నీ ఒకటే సైజు, ఒకటే నీలం. నాకూ ఒక జత ఇచ్చారు. నవ్వాల్సిన దృశ్యమే, ఇంజను డ్రైవరు కూడా నవ్వలేదు.

రిపోర్టు రాశారు. నేను చేసినవన్నీ ఒప్పుకుని సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని ఇంట్లో చెప్పి ఉంచాను గాని పోలేదు. మొగ దాటించడానికి వేరే మనిషి దొరకలేదు, కారణం అంతకన్నా గొప్పదేం కాదు. మరో నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను.

రెండు నెలల తరవాత ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. అంతకుముందే వెళ్ళవలసింది, ధైర్యం చాలలేదు. ఎడమకాలు మానింది. కుడికాలికి రెండు వేళ్ళు తీసేశారు. కూతురు నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆమెని తప్పుపట్టను. పెద్దావిడ మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. నన్ను చూసి, "రా తమ్ముడూ, ఓడ బాగుందా?" అంది.

నేను దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పేశాను. చెప్పులు ఒడ్డున వదలడం నా తప్పు. కెప్టెన్ చెప్పినా జనాన్ని దించకపోవడం నా తప్పు. మీ కాళ్ళ సంగతి అడగకపోవడం నా తప్పు.

ఆవిడ చిక్కుళ్ళు పక్కన పెట్టింది.

"చెప్పులు నా అంతట నేనే విప్పేను, దానికి నువ్వేం చేస్తావు? ఒక్కటుంది గాని, ఎవరికీ చెప్పలేదు. అక్కడ కూర్చున్న కాసేపటికి కాళ్ళ దగ్గర ఏదో వెచ్చగా ఉన్నట్టు తెలిసింది తమ్ముడూ. మూడేళ్ళలో అంతమాత్రం తెలియడం అదే మొదలు. లేచి లోపలికి పోదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే నువ్వు అందరి ముందూ నా కాళ్ళని అంతలా మెచ్చుకున్నావు. ఇంక ఎలా లేస్తాను?"

చిక్కుళ్ళు మళ్ళీ దగ్గరికి లాక్కుని, "నన్ను అలా నలుగురిలో మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు మరి" అంది.

రిపోర్టు అప్పటికే పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. అందులో ప్రమాదానికి కారణం అన్న చోట, ఎండకి కాలిన డెక్కు అని రాసి ఉంది. నేను మార్పించలేదు.